శిక్ష ఎంత పెంచాలన్నది తర్వాత, ముందు కేసు ఎక్కడ వీగిపోతోందో చూడండి

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. మనుషుల్ని అమ్ముకునే, అంటే ట్రాఫికింగ్ చేసే ముఠాలకి ఉరిశిక్ష పెట్టేస్తే ఈ దందా ఆగిపోతుంది కదా, ఎందుకు పెట్టరు అన్నది ఒకటి. బాధితులే కోర్టుకొచ్చి మాట మార్చేస్తుంటే ఏ చట్టమైనా ఏం చేస్తుంది అన్నది రెండోది. నేను లాయర్ని, పదిహేడేళ్లుగా ఇలాంటి కేసుల్లో బాధితుల పక్షాన పనిచేస్తున్నాను. జవాబు కాస్త పొడుగవుతుంది, ముందే చెబుతున్నా.

శిక్షల సంగతి చూద్దాం. అవి ఇప్పటికే తక్కువేం లేవు. బ్రిటన్‌లో 2015 నాటి మోడర్న్ స్లేవరీ చట్టం కింద యావజ్జీవం దాకా వేయొచ్చు. భారతదేశంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ తీసుకోండి: పెద్దవాళ్లని ఒక్కరిని తరలించినా కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా 10. పిల్లలైతే కనీసం 10 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా, ఒకరి కంటే ఎక్కువ మంది పిల్లలైతే కనీసం 14 నుంచి మొదలు. ఇందులో పోలీసో ప్రభుత్వోద్యోగో ఉన్నాడని తేలితే బతికున్నంత కాలం జైలే. కాగితం మీద ఇంతకన్నా ఏం రాస్తారు? నా అనుభవంలో ఎక్కువ కేసులు శిక్ష ఎంత వేయాలా అని ఆలోచించే దశదాకా రానే రావు.

పైగా కనీస శిక్ష మరీ పెంచితే ఒక చిక్కుంది, బయటివాళ్లకి అది కనబడదు. ముందు పట్టుబడేది ఎవరు? వ్యాన్ నడిపినవాడు, కాపలా కాసినవాడు, వండిపెట్టిన మనిషి. ముఠా నడిపేవాడు ఆ ఊళ్లోనే ఉండడు. వండిపెట్టిన మనిషికి పదేళ్లు వేయక తప్పదు అని చట్టం చెబితే జడ్జికి మనసొప్పదు, మనసొప్పనప్పుడు సాక్ష్యాన్ని భూతద్దం పెట్టి చదువుతారు, అలా చదివితే ఎక్కడో ఒక తేదీ తేడా దొరక్కపోదు, బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద అందరూ బయటికొచ్చేస్తారు. లేదంటే ప్రాసిక్యూషనే ముందు జాగ్రత్తగా చిన్న సెక్షన్లు పెట్టుకుని చేతులు దులుపుకుంటుంది.

మరి కేసు వీగిపోయేది ఎక్కడ? నేను చూసిన ఒక క్రాస్ ఎగ్జామినేషన్ చెబుతాను. ఒక ఫ్యాక్టరీ షెడ్డు కేసు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు బోనులో నిలబడ్డాడు. అవతలి లాయరు అడిగినవి నాలుగే ప్రశ్నలు.

"షెడ్డు గేటుకి తాళం వేసేవారా?"

"లేదండి."

"నిన్నెప్పుడైనా కట్టేశారా?"

"లేదండి."

"నీ దగ్గర ఫోనుందా?"

"ఉందండి."

"వారానికోసారి బజారుకి వెళ్లేవాడివా?"

"వెళ్లేవాణ్ణండి."

అంతే, ఆయన కూర్చున్నారు. కుర్రాడు అడిగినదానికి నిజమే చెప్పాడు. బజారుకి ఇద్దరు వెళితే వాళ్ల తాలూకు ఇద్దరు షెడ్డులో ఉండి తీరాలన్న రూలు గురించి ఎవరూ అడగలేదు. ఇతను బజారుకి వెళ్లిన ప్రతిసారీ వెనక ఉండిపోయింది ఇతని తమ్ముడే అన్న సంగతీ అడగలేదు. తిరిగి వాంగ్మూలం రాబట్టడానికి మన వైపు అవకాశం ఉంది, ప్రాసిక్యూటర్ గారికి ఆ రోజు ఇంకో పదకొండు కేసులున్నాయి, వదిలేశారు. ట్రాఫికింగ్ సెక్షన్ కొట్టేశారు. పనివాళ్ల మీద చేయి చేసుకున్నందుకు చిన్న జరిమానా ఒకటి మిగిలింది.

తాళం లేదంటే స్వేచ్ఛ ఉన్నట్టే అనుకోవడం ఆ ఒక్క కోర్టు పొరపాటు అయితే నేనింత రాసేవాణ్ని కాదు. గ్రీసులో మనోలాడా అనే చోట స్ట్రాబెర్రీ తోటల్లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కూలీల చేత రోజుకి 12 గంటలు, తుపాకులు పట్టుకున్న కాపలావాళ్ల మధ్య పని చేయించారు, జీతాలు మాత్రం ఇవ్వలేదు. 2013 ఏప్రిల్‌లో జీతం అడగడానికి వెళ్లినవాళ్ల మీద కాల్పులు జరిగాయి, చాలామంది గాయపడ్డారు. కాల్చినందుకు శిక్ష పడింది, ట్రాఫికింగ్ నేరం మాత్రం నిలవలేదు, ఎందుకంటే కూలీలు తోట దాటి తిరగగలిగేవారు కదా అన్నారు అక్కడి న్యాయమూర్తులు. వాళ్లలో 42 మంది యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లారు. 2017లో ఆ కోర్టు, కదలడానికి వీలుండటం లేకపోవడం ఒక్కటే కొలమానం కాదని, మొదట ఇష్టపడి పనిలో చేరినా తర్వాత వాళ్ల నిస్సహాయతని వాడుకుని పిండుకుంటే అది ఇష్టపూర్వకమైన పని కాదని తేల్చి గ్రీసుని తప్పుపట్టింది.

అమెరికాలో ఇదే పాఠం ఇంకా ముందు నేర్చుకున్నారు. మిషిగన్‌లో ఒక పాడి ఫారంలో మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న ఇద్దరు మనుషుల చేత ఏళ్ల తరబడి వారానికి ఏడు రోజులూ, రోజుకి 17 గంటల దాకా జీతం లేకుండా చాకిరీ చేయించారు. 1988లో కోజ్‌మిన్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు, అప్పటి చట్టంలోని మాటల ప్రకారం దెబ్బలో, దెబ్బల బెదిరింపో, జైలుకి పంపుతామన్న చట్టపరమైన బెదిరింపో ఉంటేనే బలవంతపు దాస్యం అవుతుంది, మనసుని లొంగదీసుకోవడం ఒక్కటే చాలదు అంది. తీర్పు మీద మనం ఎంతైనా మండిపడొచ్చు, కానీ చట్టంలో ఉన్నది అంతే. అందుకని 2000లో అక్కడి పార్లమెంటు కొత్త చట్టం తెచ్చి బలవంతపు చాకిరీ అనే నేరాన్ని విడిగా పెట్టింది. "తీవ్రమైన హాని జరుగుతుందన్న భయం కలిగించే పథకం" ఉంటే చాలన్నారు. ఆ హాని ఒంటికే కానక్కర్లేదు, మనసుకి, డబ్బుకి, పరువుకి జరిగేదైనా సరే అని 2008లో ఇంకా స్పష్టం చేశారు. చట్టాన్ని బలపరచడమంటే నా లెక్కలో ఇదీ. సంవత్సరాల సంఖ్య మార్చడం కంటే, జడ్జి ఏ ప్రశ్నకి జవాబు వెతకాలో ఆ ప్రశ్ననే మార్చారు.

ఇప్పుడు నిర్వచనం దగ్గరికి రావాలి, విసుగనిపించినా ఇది తెలియకపోతే మిగతాదంతా గాలిలో మాట అవుతుంది. 2000 నవంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పలెర్మో ప్రోటోకాల్ (ట్రాఫికింగ్ మీద దేశాల మధ్య ఒప్పందం) 2003 డిసెంబరు 25 నుంచి అమల్లో ఉంది, 180కి పైగా దేశాలు చేరాయి. దాని ప్రకారం నేరానికి మూడు కాళ్లు. ఏం చేశారు: పనిలో పెట్టుకోవడం, తరలించడం, దాచి ఉంచడం, అప్పగించడం వగైరా. ఎలా చేశారు: బెదిరించి, మోసం చేసి, ఎత్తుకెళ్లి, అధికారాన్నో అవతలివాళ్ల నిస్సహాయ స్థితినో వాడుకుని. ఎందుకు చేశారు: దోపిడీ కోసం. ఈ రెండో కాలులో చెప్పిన పద్ధతులు వాడితే బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్న ప్రశ్నే అనవసరం. 18 ఏళ్లలోపు వాళ్లయితే ఆ రెండో కాలు రుజువు చేయాల్సిన పనే లేదు, దోపిడీ కోసం తీసుకెళ్లారంటే నేరమే. ఇంకోమాట, సరిహద్దు దాటాలన్న షరతు కూడా లేదు. ఒకే వీధిలో ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి మార్చినా ట్రాఫికింగే కావచ్చు. దొంగచాటుగా సరిహద్దు దాటించడం వేరే నేరం, దానికి వేరే ప్రోటోకాలే ఉంది. పోలీసులు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు, టీవీ వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

చాలా దేశాల చట్టాల్లో నీరసం ఉన్నది ఆ "నిస్సహాయ స్థితి" అన్న ముక్క దగ్గరే. ప్రోటోకాల్ ఆ మాట వాడింది గానీ విడమరచలేదు. యూరోపియన్ యూనియన్ వాళ్లు 2011 డైరెక్టివ్‌లో (సభ్యదేశాలు తమ చట్టాల్లో పెట్టుకోవాల్సిన ఆదేశం అది) విడమరచి రాశారు: లొంగిపోవడం తప్ప నిజంగా మరో దారిగానీ, ఒప్పుకోదగిన దారిగానీ లేని స్థితి అని. భారతదేశ చట్టంలో బెదిరింపు, బలవంతం, మోసం, అధికార దుర్వినియోగం, ప్రలోభం ఉన్నాయి, నిస్సహాయతని వాడుకోవడం అనే మాట విడిగా లేదు. దోపిడీ నిర్వచనంలో ఇంకో విచిత్రం. 2013 ఫిబ్రవరిలో ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు "బలవంతపు చాకిరీ" అన్న మాట ఉంది, కొన్ని వారాల తర్వాత దాన్నే చట్టంగా చేసేటప్పుడు ఆ మాట ఎగిరిపోయింది, "శారీరక దోపిడీ" అన్న మాట వచ్చింది. కొత్త సంహితలో భిక్షాటన చేర్చారు గానీ పోయిన మాట తిరిగి రాలేదు. అదే దేశపు సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో, ఆకలి తరుముతుంటే కనీస వేతనం కంటే తక్కువకి పనిచేయడం కూడా బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని చెప్పింది! అంత గొప్ప తీర్పు ఉండి కూడా క్రిమినల్ సెక్షన్‌లో ఆ రెండు మాటలు లేకపోతే, ఇటుక బట్టీ కేసులో "ఇందులో శారీరక దోపిడీ ఏముంది, కూలి పనేగా" అని వాదించడానికి అవతలివాళ్లకి సందు దొరుకుతుంది.

నిర్వచనం తర్వాత రుజువు. ఇందాకటి షెడ్డుకే మళ్లీ వస్తా. అక్కడ ఒక నోటుబుక్కు దొరికింది, అట్ట చిరిగిపోయి ఉంది. మొదటి పేజీలో ఆ కుర్రాడి పేరు, కింద అడ్వాన్సు. తర్వాతి పేజీల్లో చాపకి ఇంత, దుప్పటికి ఇంత, మాడిపోయిన బల్బుకి ఇంత, జ్వరంతో పడుకున్న రెండు రోజులకి కోత, ప్రతి నెలాఖరున వడ్డీ. పదకొండు నెలలు పని చేశాక చివరి పేజీలో ఉన్న బాకీ మొదటి పేజీలో అడ్వాన్సు కంటే ఎక్కువ. కేసు మొత్తం ఆ పుస్తకంలో ఉంది, తాళం ఎక్కడుందో అందులో రాసి ఉంది. కానీ స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో "పాత నోటుబుక్కు ఒకటి" అని రాసి సంచిలో వేసి సీలు వేశారు. చార్జిషీట్‌లో దాని ఊసే లేదు. కోర్టులో ఎవరూ దాన్ని తెరవలేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీని గుర్తుపట్టడానికి 11 సూచికలు ఇచ్చింది: గుర్తింపు కాగితాలు లాగేసుకోవడం, జీతం ఆపడం, అప్పులో ఇరికించడం, ఒంటరిని చేయడం, బెదిరించడం ఇలాంటివి. ఇవి చాలా చోట్ల ట్రైనింగ్ క్లాసులో పంచే కాగితంగానే మిగిలిపోతాయి. వీటిలో కొన్నింటిని విడి నేరాలుగా పెడితే ప్రాసిక్యూషన్‌కి నిలబడటానికి చోటు దొరుకుతుంది. అమెరికాలో ట్రాఫికింగ్ కోసం పాస్‌పోర్టు లాగి దాచుకోవడం దానికదే నేరం, 5 ఏళ్ల దాకా జైలు. పాస్‌పోర్టు ఎవరి బీరువాలో దొరికింది అన్నది తేలిగ్గా రుజువవుతుంది, మనసులో భయం ఉందా లేదా అన్నది అంత తేలిక కాదు. అలాగే భారతదేశపు 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంలో ఒక మంచి పని చేశారు: ఇది వెట్టి అప్పు అని కూలీ అంటే, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. (అదే చట్టంలో గరిష్ఠ శిక్ష మూడేళ్లు, జరిమానా రెండు వేలు. ఇక్కడైతే పెంచమని నేనూ అంటాను.) ఈ రుజువు భారం మార్చే పద్ధతిని ట్రాఫికింగ్ అంతటికీ పెట్టమని కొందరు అడుగుతారు, నేను ఒప్పుకోను. పదేళ్లు జైలు పడే కేసులో నిర్దోషినని నువ్వే నిరూపించుకో అంటే, మళ్లీ ఇరుక్కునేది వండిపెట్టిన మనిషే.

బాధితుడినే నిందితుడిగా నిలబెట్టే జబ్బు ఇంకోటి, దాని గురించి నేను కాస్త కోపంగానే రాస్తాను. బ్రిటన్‌లో 2009లో గంజాయి పెంచే ఇళ్లలో ఇద్దరు వియత్నాం మైనర్లు దొరికారు. మొక్కలకి నీళ్లు పోయడానికి వాళ్లని అక్కడ పెట్టిన వాళ్లెవరో ఆరా తీయడం మానేసి పిల్లల మీదే కేసు పెట్టారు, పిల్లలు నేరం ఒప్పుకున్నారు, శిక్ష పడింది. 2021లో యూరోపియన్ కోర్టు బ్రిటన్‌ది తప్పంది. ఈలోపు 2015 చట్టం 45వ సెక్షన్‌లో, బలవంతం మీద నేరం చేసిన బాధితుడికి రక్షణ పెట్టారు, అయితే దానికి వెనకాల పెద్ద మినహాయింపుల జాబితా కూడా తగిలించారు. 2005 నాటి కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఒప్పందం 26వ అధికరణం కూడా బాధితులు తప్పనిసరై చేసిన వాటికి శిక్ష లేకుండా వదిలే వీలుండాలంటుంది. ఇప్పుడు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆన్‌లైన్ మోసాల కాంపౌండ్లు, అంటే మనుషుల్ని లోపల పెట్టి మోసాలు చేయించే ఆవరణలు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో చెప్పిన అంచనా ప్రకారం మయన్మార్‌లో కనీసం లక్షా 20 వేల మంది, కంబోడియాలో లక్ష మంది దాకా ఇలా ఇరుక్కుని ఉండొచ్చు. డేటా ఎంట్రీ ఉద్యోగం అని వెళ్లి, దెబ్బలు తింటూ రాత్రంతా ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లని మెసేజ్‌లతో మోసం చేసిన కుర్రాడు తిరిగొస్తే, అతన్ని సైబర్ నేరస్థుడిగా చూడాలా, బాధితుడిగానా? చట్టంలో స్పష్టంగా రాసి లేకపోతే ఆ నిర్ణయం ఆ రోజు డ్యూటీలో ఉన్న అధికారి ఇష్టం. జైలుకి పోతానన్న భయం ఉన్నవాడు ఏజెంటు పేరు చెప్పడు. ఏజెంటు కూడా మొదటి రోజే అదే చెబుతాడు, "పోలీసుల దగ్గరికి వెళ్తే ముందు లోపలేసేది నిన్నే" అని. చట్టం అతని మాట నిజం చేస్తోంది.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తా. బలవంతపు చాకిరీ మీద ఏటా 236 బిలియన్ డాలర్ల అక్రమ లాభం వస్తోందని కార్మిక సంస్థ 2024లో లెక్కగట్టింది. మనిషిని జైల్లో వేస్తే వాడి స్థానంలోకి ఇంకొకడు వస్తాడు, ఖాతా స్తంభింపజేస్తే ముఠాకి నొప్పి తెలుస్తుంది. అమెరికాలో ట్రాఫికింగ్ రుజువైతే బాధితుడికి డబ్బు కట్టించడం జడ్జి ఇష్టం కాదు, తప్పనిసరి. బ్రిటన్‌లో జప్తు చేసిన ఆస్తిలోంచి పరిహారం ఇప్పించే ఏర్పాటుంది. కొనేవాళ్ల వైపు చూస్తే, యూరప్‌లో 2024 డైరెక్టివ్‌తో, ఎదుటి మనిషి ట్రాఫికింగ్ బాధితుడని తెలిసి కూడా ఆ సేవ వాడుకోవడం నేరం చేయమన్నారు. "తెలిసి" అన్నది రుజువు చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి పెద్ద ఆశలైతే పెట్టుకోలేదు.

చట్టాన్ని బలపరచడం పేరుతో అన్నింటినీ ట్రాఫికింగ్ కింద తోసేయడం కూడా నాకు నచ్చదు. పని వెతుక్కుంటూ వెళ్లే ప్రతి ఆడమనిషినీ స్టేషన్లో ఆపి ప్రశ్నించడం, పెద్దవాళ్లని వాళ్లు వద్దంటున్నా "రక్షించి" నెలల తరబడి హోంలో తాళం వేసి ఉంచడం నేను చూశాను. అక్కడ మాత్రం గేటుకి నిజంగానే తాళం ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న, మాట మార్చే బాధితులు. ముందు ఒకటి అర్థం చేసుకోండి, రెయిడ్ జరిగిన రాత్రి ఇచ్చే స్టేట్‌మెంట్ దేనికీ పనికిరాదు. నిద్ర లేదు, తిండి లేదు, ఎదురుగా ఉన్నవాళ్లు పోలీసులో ముఠా మనుషులో కూడా తెలీదు. ఇందాక చెప్పిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ ఒప్పందంలోనే కనీసం 30 రోజులు కోలుకునే గడువు ఇవ్వమన్నది అందుకే, ఆ గడువులో దేశం నుంచి పంపించేయకూడదు. అమెరికాలో బాధితులకి ఇచ్చే టి వీసాకి సాధారణంగా దర్యాప్తుకి సహకరించాలన్న షరతు ఉంది, 18 ఏళ్లలోపు వాళ్లకీ, దెబ్బతిని చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్లకీ మినహాయింపు. నన్నడిగితే ఉండే హక్కునీ సాక్ష్యాన్నీ ముడిపెట్టడమే తప్పు, "వీసా కోసం చెబుతోంది" అని అవతలి లాయరుకి మనమే ఆయుధం ఇచ్చినట్టు. చేయాల్సిందల్లా, మనిషి కుదుటపడ్డాక కొన్ని నెలల్లోనే జడ్జి ముందు పూర్తి సాక్ష్యం, క్రాస్‌తో సహా, వీడియోలో రికార్డు చేసేయడం. తర్వాత విచారణ ఆరేళ్లు సాగినా ఆమెని మళ్లీ పిలవక్కర్లేదు.

ఆరేళ్లు అని ఊరికే అనలేదు. ఒక కేసులో అమ్మాయికి పదహారేళ్లున్నప్పుడు బయటికి తెచ్చాం, ధైర్యంగా అన్ని పేర్లూ చెప్పింది. కోర్టులో ఆమె వంతు వచ్చేసరికి ఆరేళ్లయింది, పెళ్లయింది, అత్తగారింట్లో ఎవరికీ ఈ సంగతి తెలీదు. సమన్లు ఇవ్వడానికి యూనిఫాం వేసుకున్న కానిస్టేబుల్ ఆ ఇంటికే వెళ్లి, గుమ్మంలో నిలబడి కేసు పేరు పైకి చదివాడు. వాయిదా రోజు వచ్చింది. నిందితుల వైపు చూసి, వీళ్లెవరో నాకు తెలీదండి అంది. బోను దిగి వరండాలో నా పక్కనుంచే నడిచి వెళ్లింది, నన్ను కూడా ఎప్పుడూ చూడనట్టే. పక్కన భర్త ఉన్నాడు, నేనూ పలకరించలేదు.